తట్టు వచ్చిన కాలేజీలో ఫుట్‌బాల్

షికాగో గురించి రాయను. ఆ ఊరి మేడల గురించీ, సముద్రంలాంటి ఆ సరస్సు గురించీ నాకంటే ముందు వెళ్ళొచ్చినవాళ్ళు నాకంటే బాగా రాశారు. మా పంచదార మిల్లు వాళ్ళు కొత్త యంత్రం కొని, దాన్ని నడపడం నేర్చుకురమ్మని నన్ను నెలన్నరపాటు అక్కడికి పంపారు. తిరుగు ప్రయాణానికి ముందు కొద్ది రోజులు సెలవు దొరికితే, పక్కన అయోవా రాష్ట్రంలో ఉన్న నా పాత స్నేహితుడు భాస్కరం ఇంటికి బస్సులో వెళ్ళొచ్చాను. అక్కడ చూసిన ఒక ఆట గురించి తిరిగొచ్చాక మిల్లులో అందరికీ చెప్పి నవ్వించాను. నవ్వించడానికి అడ్డొచ్చే భాగం వదిలేసి చెప్పాను. ఇక్కడ అది కూడా రాస్తున్నాను.

బస్సులో

గురువారం పొద్దున బయల్దేరాం. నగరం దాటాక ఇక అంతా మొక్కజొన్న చేలే. కోత అయిపోయి మోళ్ళు మిగిలాయి. మా వైపు చెరకు కొట్టేసిన తర్వాత పొలం ఎలా ఉంటుందో అలాగే ఉంది, కానీ గట్లు లేవు. ఎక్కడ ఎవరి పొలం ఆగిందో తెలియదు. గట్టు తగాదాలు లేని దేశమా అని మొదటి అసూయ అక్కడే పుట్టింది. ఈ ప్రయాణంలో అలాంటివి చాలా ఉన్నాయి. అన్నీ రాస్తే చదివేవాళ్ళకి విసుగు పుడుతుంది.

నా పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి కూతురి దగ్గర ఉంటోందట. నేను ఫలానా ఊరు వెళ్తున్నానని చెప్పగానే కనుబొమలు ఎగరేసింది.

"అక్కడ కాలేజీ పిల్లలకి మీజిల్స్ వచ్చాయిగా! మీకు చిన్నప్పుడు వచ్చిందా?"

వచ్చిందన్నాను. మీజిల్స్ అంటే మన తట్టే. మా అమ్మ నన్ను వేపాకు మీద పడుకోబెట్టిందని చెప్పాను.

"అయితే మీకేం భయం లేదు. కానీ పాపం ఆ పిల్లలు! ఎల్లుండి శనివారం ఈ ఏటికి ఆఖరి ఆట. జనాన్ని రానివ్వరట. అరిచేవాళ్ళు లేకుండా ఫుట్‌బాల్ ఏం ఆడతారు? చర్చిలో ఆడినట్టుంటుంది."

దారిలో ఒక హోటల్ దగ్గర బస్సు ఆగింది. యాపిల్ పై అనే తీపి వంటకం ముక్క ఒకటి, కాఫీ కలిపి డాలరున్నర. కాఫీ ఎన్నిసార్లు పోసినా డబ్బు అడగరు. తిని, బిల్లు డబ్బు తీసుకోవడానికి సర్వర్ వస్తుందని మర్యాదగా కూర్చున్నాను. ఆ అమ్మాయి వస్తోంది, కాఫీ పోస్తోంది, పోతోంది. లేచి కౌంటర్ దగ్గర మనమే కట్టాలని నాకు తెలియదు. బయట డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. చివరికి నా సీటు పక్కావిడే తలుపు తీసి, "మా ఇండియా మనిషి ఇక్కడే ఉండిపోయేలా ఉన్నాడు!" అని కేకేసింది. హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అసూయ లేకుండా నవ్విన చివరి నవ్వు అదే.

భాస్కరం ఇల్లు

భాస్కరం, నేను కాకినాడలో ఒకే కాలేజీలో చదివాం. నేను కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాణ్ణి. నా ఎడమకాలి దెబ్బకి జిల్లాలో పేరుండేది. భాస్కరం జట్టులో లేడు. గోలు వెనక నిలబడి, బయటికి పోయిన బంతి తెచ్చిచ్చేవాడు. ఇప్పుడు వాడు ఆ చిన్న ఊళ్ళో ఆస్పత్రి డాక్టరు. ఇంటికి ముందొక కారు, వెనకొక కారు, కుళాయి తిప్పితే వేడినీళ్ళు. బంతి తెచ్చిచ్చిన మనిషికి ఇన్ని ఎలా వచ్చాయి అని ఆ రాత్రి పడుకోబోతూ అనుకున్నాను. వాడు చదువుకున్నాడు, నేను ఆడాను. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గదు.

"ఏరా, బక్కచిక్కావేంట్రా? మిల్లులో పంచదార పెట్టట్లేదా నీకు?" అని కావలించుకున్నాడు.

"నువ్వు మనిద్దరి వాటా తింటున్నట్టున్నావు కదా," అన్నాను. వాడు పొట్ట తడుముకుని హాయిగా నవ్వాడు. నేను సరదాకి అనలేదు.

వాడి భార్య కామేశ్వరి గారు వంకాయ కూర, ముద్దపప్పు, చారు వడ్డించింది. వంకాయలు షికాగో నుంచి తెప్పించుకున్నారట. కానీ దేనికీ పోపు లేదు. చారులో ఆవగింజ లేదు, కరివేపాకు సరే, ఎండుమిరపకాయ కూడా లేదు. ఇన్నేళ్ళు అమెరికాలో ఉండి వంట మర్చిపోయిందని లోలోపల సంతోషించాను. వాళ్ళకి లేనిది ఒకటైనా దొరికింది.

"చారు పోపు మర్చిపోయినట్టున్నారమ్మా," అన్నాను, చిన్నగా పొడుద్దామని.

ఆమె సిగ్గుపడింది. "మర్చిపోలేదు అన్నయ్యగారూ. మా ఆనంద్ రూమ్మేట్‌కి తట్టు వచ్చింది. నెల్రోజులుగా పిల్లాణ్ణి ఇంటికి పంపకుండా అక్కడే ఉంచేశారు. అప్పట్నించి పోపు పెట్టట్లేదు."

"నేను డాక్టర్ని. నా ఇంట్లో పరిస్థితి ఇది," అన్నాడు భాస్కరం. "వాడికి వ్యాక్సిన్ వేయించానే అంటే వినదు."

"మీ వ్యాక్సిన్ మీది. నా పోపు నాది," అంది ఆమె.

అమ్మవారు పోసిన ఇంట్లో పోపు ఘాటు రాకూడదని మా ఇళ్ళల్లో మానేస్తారు. ఇక్కడ అమ్మవారు ఇంట్లోకి కూడా రాలేదు. ఊరవతల కాలేజీలో ఉంది. అయినా ఈమె ఇక్కడ స్టౌ ముందు కొడుకు కోసం నోరు కట్టుకుంది. నేను తలొంచుకుని పప్పన్నం తిన్నాను.

కాలేజీ గేటు దాకా

శుక్రవారం భాస్కరం నన్ను కాలేజీ చూపిస్తానని కార్లో తీసుకెళ్ళాడు. లోపలికి వెళ్ళలేదు. ఎర్ర ఇటుకల భవనాలు, ఆకులు రాలిన చెట్లు, తలుపుల మీద అంటించిన నోటీసులు. తట్టు వచ్చిన పిల్లల్ని ఒక భవనంలో ఉంచారు. ఫుట్‌బాల్ జట్టుని ఇంకో భవనంలో విడిగా ఉంచారు. వాళ్ళు క్లాసులకీ, ఇళ్ళకీ వెళ్ళకూడదు. భోజనం ట్రేలల్లో గుమ్మం దగ్గరికి వస్తుంది. మా మిల్లు బడిలో తట్టు వస్తే ఎవరింట్లో వాళ్ళు వేపమండ కట్టుకుంటారు, బడి దానంతటదే సగం ఖాళీ అవుతుంది, మేష్టారు మిగిలిన సగానికి చెప్పుకుపోతారు. వీళ్ళ తట్టు కూడా మన తట్టు కంటే శుభ్రంగా ఉంది. దాని మీద కూడా కుళ్ళుకున్నాను.

"రేపు స్టేడియంలోకి విద్యార్థుల్ని రానివ్వరు," అన్నాడు భాస్కరం. "బ్యాండు లేదు, పాప్‌కార్న్ లేదు. ఒక్కో ఆటగాడికి రెండే సీట్లు. వచ్చే ఇద్దరూ చిన్నప్పుడే తట్టు వచ్చిపోయిన పెద్దవయసు వాళ్ళయి ఉండాలి. మా వాడికిది ఆఖరి సంవత్సరం. పాపం, ఖాళీ మెట్ల ముందు ఆడాలి."

పాపం అని నేనూ అన్నాను. అంటుంటే లోపల ఏదో చల్లబడింది.

ఫోన్లో

భాస్కరం కొడుకు ఆనంద్ ఆ జట్టులో కిక్కరు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతి రెండు కొసలూ మొనదేలి పెద్ద మామిడికాయలా ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెడతారు, ఒకరి మీద ఒకరు పడతారు. కాలుతో గురిచూసి కొట్టడానికని జట్టుకి ఒక్కడుంటాడు. రెండు పొడుగాటి కొయ్యల మధ్యనుంచి బంతి పోయేలా తంతే మూడు పాయింట్లు. ఆ ఒక్కడు ఈ కుర్రాడు.

సాయంత్రం వాడు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. తల్లి, తండ్రి మాట్లాడాక నాకిచ్చారు.

"హాయ్ అంకుల్! నేను ఆనంద్. మీరు చాలా పెద్ద ప్లేయర్ అంట కదా?"

"ఎవరు చెప్పారు నాయనా?"

"నాన్న. నేను కిక్ చేసేది మీది, తెలుసా? ఇక్కడ అందరు స్ట్రెయిట్ వచ్చి కిక్ చేస్తారు. నాన్న చిన్నప్పుడు నాకు బ్యాక్‌యార్డ్‌లో చూపించాడు, మీరు పక్కనించి వచ్చి ఎట్లా కొడతావో. కోచ్‌కి చాలా నచ్చింది. సో, థాంక్స్ అంకుల్."

మీరు అని మొదలుపెట్టి నువ్వుతో ముగించే ఆ తెలుగు ముద్దొచ్చి ఉండాల్సింది. నాకు ముద్దు రాలేదు. గోలు వెనక నిలబడ్డ భాస్కరం బంతులే కాకుండా నా పరుగునీ, నా నడుం తిప్పునీ కూడా ఏరుకుపోయి కొడుక్కి ఇచ్చుకున్నాడు. నా ఇంట్లో మా ఇద్దరమ్మాయిలకి బంతంటే ఏమిటో తెలియదు. నేనెప్పుడూ నేర్పలేదు. కుర్రాడు కృతజ్ఞత చెబుతుంటే నా ఇంట్లో దొంగలు పడ్డట్టనిపించింది. ఇది గర్వపడాల్సిన విషయమని ఎవరైనా చెబుతారు. నేనే ఎవరికైనా చెప్పేవాణ్ణి.

భోజనాల బల్ల

ఆ రాత్రి భోజనం దగ్గర సీట్ల మాట వచ్చింది.

"రేపు నువ్వెళ్ళరా," అన్నాడు భాస్కరం. "నేను ఇంట్లో రేడియో వింటాను."

"బాగుంది! ఫోటోలు ఎవరు తీస్తారు?" అంది కామేశ్వరి గారు. "మీరూ అన్నయ్యగారూ వెళ్ళండి. నేను కార్లో కూర్చుంటాను. నాకా ఆట ఒక ముక్క అర్థం కాదు."

"నువ్వెళ్ళకపోతే ఎలాగే?"

"పర్లేదు లెండి. అన్నయ్యగారు ఇంత దూరం మళ్ళీ ఎప్పుడొస్తారు?"

ఇక్కడ నా మాట రావాలి. మన ఇళ్ళల్లో పుట్టినవాడెవడికైనా ఆ మాట తెలుసు. అతిథికి ఇస్తామనాలి, అతిథి అబ్బే వద్దనాలి, ఇంకోసారి ఇస్తామనాలి, ఇంకోసారి వద్దనాలి. అప్పుడు ఎవరిది వాళ్ళకి చేరుతుంది. ఇద్దరూ నా మొహం వంక చూస్తున్నారు. హాల్లో తలుపుకి తగిలించిన హ్యాంగర్ మీద ఆకుపచ్చ పట్టుచీర ఇస్త్రీ చేసి ఉండడం నేను పొద్దుటే చూశాను. దేనికని అడగలేదు.

"మీరంతగా అంటున్నారు కాబట్టి, సరే," అన్నాను.

 ఆమె నాకు ఇంకాస్త పెరుగు వడ్డించింది.

స్టేడియం

శనివారం ఎండగా ఉంది, చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. కామేశ్వరి గారు ప్యాంటు, స్వెట్టరు వేసుకుని కారు నడిపింది. స్టేడియం కంచె పక్కనే కారు ఆపింది. అక్కణ్ణించి స్కోరు బోర్డు పైభాగం కనిపిస్తుంది, అంతే. గేటు దగ్గర ఎర్రకోటు వేసుకున్న నర్సు బల్ల వేసుకుని కూర్చుంది. నా పాస్‌పోర్టులో పుట్టిన సంవత్సరం చూసి, చేతి మీద ముద్ర వేసి లోపలికి పంపింది.

ఇన్ని మెట్లు ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడక్కడ కోట్లు కప్పుకున్న తల్లిదండ్రులు, ఒక జంటకీ ఇంకో జంటకీ మధ్య ఒక పెళ్ళి పందిరి పట్టేంత జాగా. బ్యాండు బదులు లౌడ్‌స్పీకర్లో పాత రికార్డు పెట్టారు. మధ్యలో అది గీరుకుపోతే ఎవరో సూది ఎత్తిన చప్పుడు కూడా వినిపించింది.

ఆట మొదలుకాకముందే తల్లిదండ్రులందరూ లేచి కిందికి దిగుతున్నారు. భాస్కరం కూడా లేచాడు.

"ఎక్కడికిరా?" అన్నాను.

"ఆఖరి సంవత్సరం పిల్లలు అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని మైదానం మధ్యకి నడుస్తారు. ఇక్కడ అది ఆచారం. తట్టున్నా ఆ నడక వరకు ఒప్పుకున్నారు. రా."

"నేనెందుకు?"

"రెండో సీటు నీదేగా," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

లౌడ్‌స్పీకర్లో ఒక్కొక్క పేరూ పిలుస్తున్నారు. హెల్మెట్ చంకలో పెట్టుకుని, చేతిలో పెద్ద పసుపుపచ్చ చామంతి పట్టుకుని పిల్లాడు వస్తాడు. తల్లికి పువ్వు ఇచ్చి ముద్దు పెడతాడు, ముగ్గురూ చేతులు పట్టుకుని నడుస్తారు. మా వంతు వచ్చింది. ఆనంద్ పరుగున వచ్చి ఆగిపోయాడు. తండ్రి కంటే ఒక జానెడు పొడుగు.

"నాన్నా, అమ్మ ఏది?"

"కార్లో ఉందిరా."

"కార్లోనా? బట్ వై?" నన్ను చూశాడు. తెలివైన పిల్లాడు, ఇంకేం అడగలేదు. "ఓ. హాయ్ అంకుల్." చేతిలో పువ్వు చూసుకుని, కాసేపు తటపటాయించి, "ఇది మీరు పట్టుకుంటావా?" అన్నాడు.

పట్టుకున్నాను. "కిక్కర్ ఆనంద్, అతని తల్లిదండ్రులు మిస్టర్ అండ్ మిసెస్..." అని లౌడ్‌స్పీకర్ మోగింది. మెట్ల మీద ఎవరో ఒకాయన ఫక్కున నవ్వాడు. జనం నిండుగా ఉంటే ఆ నవ్వు ఎవరికీ వినిపించేది కాదు. అక్కడ మైదానం అవతలి కొసన ఉన్నవాళ్ళకి కూడా వినిపించింది. పువ్వు పట్టుకుని, భాస్కరం పక్కన, నెలరోజులుగా తల్లిని చూడని పిల్లాడి పక్కన, ఆకుపచ్చ గడ్డి మీద నడిచాను. ఆ పిల్లాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎవరి కోసమో నాకు తెలుసు. అయినా సిగ్గుతో పాటు, ఇలాంటి నడక నాకూ ఉంటే అనే కుళ్ళు అప్పుడూ వదల్లేదు.

ఆట మొదలైంది. భుజాల తొడుగులు ఒకదానికొకటి తగిలి చెక్కలు విరిగినట్టు చప్పుడు, కోచ్ తిట్లు, దెబ్బ తగిలినవాడి మూలుగు, అన్నీ వినిపిస్తున్నాయి. ఆనంద్ ఒకసారి వచ్చి కొట్టాడు. పక్కనుంచి పరుగు, నడుం తిప్పు, బంతి రెండు కొయ్యల మధ్యనుంచి పోయింది. అచ్చంగా నాదే. కొట్టాక వాడు మెట్ల వైపు చూశాడు. అంత ఖాళీలో ఎవరున్నారో, ఎవరు లేరో వెతుక్కోనక్కర్లేదు.

సగం ఆటకి విరామం ఇచ్చారు.

"నడక సంగతి నాకు చెప్పలేదేంరా?" అన్నాను.

భాస్కరం కెమెరా తుడుచుకుంటూ, "చెబితే నిన్ను వద్దన్నట్టుంటుంది కదా," అన్నాడు. దాని మూత పెట్టి, "నువ్వే వద్దంటావనుకున్నాం రా," అన్నాడు.

గేటు బయట

లేచి నర్సు దగ్గరికి వెళ్ళాను. నేను బయటికి వచ్చేస్తే నా బదులు ఒకామెను పంపుతారా అని అడిగాను.

"ఒక్కో కుర్రాడికి ఇద్దరు అన్నారు. ఏ ఇద్దరన్నది నాకు చెప్పలేదు," అంది. "కానీ మీరు మళ్ళీ లోపలికి రాలేరు."

ఇంత తేలికని ముందే తెలిసి ఉంటే అని ఇక్కడ రాయాలనిపిస్తోంది. ముందు నేను అడగనే లేదు.

కామేశ్వరి గారు కారు అద్దం మీద ఆవిరి తుడుస్తూ రేడియో వింటోంది. నన్ను చూసి కంగారుగా అద్దం దించింది.

"ఏమైంది? వాడికి దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా. మీరు లోపలికి వెళ్ళండి. నర్సుతో చెప్పాను."

"అయ్యో, వద్దండీ. మీరు చూడండి. మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"నేను మర్యాదకి అనడం లేదు," అన్నాను. "వెళ్ళండి."

చామంతి అందించాను. దాన్ని చూడగానే ఆమెకి మొత్తం అర్థమైంది.  జడలో తురుముకుంది. కారు తలుపు వేయడం కూడా మర్చిపోయి వెళ్ళిపోయింది.

నేను ఆ సీట్లో కూర్చుని రేడియో విన్నాను. సగం అర్థం కాలేదు. చివరికి ఒకటి అర్థమైంది. ఆట ముగిసిపోతోంది, రెండు పాయింట్లు వెనకబడ్డారు, ఆనంద్ కొడితే గెలుస్తారు. రేడియో అతను గొంతు తగ్గించాడు. కంచె అవతల అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి, ఒకేసారి గాలిలోనూ రేడియోలోనూ, ఒక ఆడగొంతు లేచింది.

"కొట్టరా నాన్నా!"

"ఆ తల్లి ఏమందో నాకు తెలియదుగానీ," అన్నాడు రేడియో అతను, "నేనైతే కొట్టేస్తాను."

ఆనంద్ కొట్టాడు. బంతి ఎడమ కొయ్యకి బయటగా పోయిందని చెప్పాడు. ఓడిపోయారు.

ఆ క్షణంలో నేను సంతోషించాను. నేనైతే కొట్టేవాణ్ణి అనుకున్నాను. ఎంతసేపు అనుకున్నానో తెలియదుగానీ, మళ్ళీ ఆ గొంతు వచ్చేదాకా అనుకున్నాను.

"పర్లేదురా! బాగా కొట్టావు! పర్లేదు!"

బొంగురుపోయిన ఆ గొంతు ఖాళీ మెట్లకి తగిలి తిరిగొస్తోంది. నేను ఆడిన రోజుల్లో మైదానం చుట్టూ జనం మూగేవాళ్ళు. ఓడిన రోజున ఒక్కరూ మిగిలేవాళ్ళు కాదు. భాస్కరం తప్ప. వాడు బంతి తెచ్చిచ్చి, పద పోదాం అనేవాడు. ఆ సంగతి నాకు అప్పుడు, ఆ కార్లో గుర్తొచ్చింది.

పిల్లలు జట్టుగా వాళ్ళ భవనానికి వెళ్ళిపోయారు. తల్లిదండ్రులు దూరం నుంచి చేతులూపి బయటికి వచ్చారు. భాస్కరం, కామేశ్వరి గారు కారు దగ్గరికి వచ్చారు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. నేను దిగి తలుపు పట్టుకున్నాను.

"అమ్మా, వాడి పక్కన నడవాల్సింది మీరు. ఆ సీటు మీదని తెలిసే తీసుకున్నాను," అన్నాను.

ఆమె పర్లేదు అంటుందని ఎదురుచూశాను. ఆమె నా వంక సూటిగా చూసింది.

"అవునండీ. నేనే నడవాల్సింది," అంది. తర్వాత, "ఎక్కండి, చలిగా ఉంది," అంది.

ఎక్కాను.  ఆ ఇంటివాళ్ళు నాతో మర్యాద మాటలు పక్కనబెట్టి సూటిగా నిజం చెప్పింది ఆ ఒక్కసారే. అది నాకు దక్కాల్సిందే. వెనక సీట్లో కూర్చుని ఆ మాటని, సాకులేమీ చెప్పుకోకుండా, అలాగే ఉంచుకున్నాను.